మిరుగం వానలో షర్బత్ పందిరి

జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మా పక్కింటి జస్వంత్ కౌర్ అక్క మా గడప మీద కూర్చుని ఉంది. నేను చెప్పులు విప్పకముందే అడిగింది. "సుజాతా, నాతోని ఆదిలాబాద్ దాక వస్తవా? ఒక్కదాన్నే పోవాల్నంటే ధైర్యం చాల్తలేదు." అరవైకి దగ్గరపడుతున్న మనిషి. శ్రీరాంపూర్ బొగ్గు గనుల దగ్గర సగం జీవితం సంసారం చేసి, భర్త రిటైరయ్యాక కరీంనగర్‌లో మా గల్లీలో ఇల్లు కట్టుకుంది. రైలెక్కి ఒంటరిగా అమృత్‌సర్ కూడా వెళ్లొచ్చింది. ఆమెకు బస్సంటే భయం లేదని నాకు తెలుసు. భయమల్లా ఆదిలాబాద్‌లో ఉన్న అన్న ప్రతాప్ సింగ్ ఎదుటికి వెళ్లడం. వాళ్లిద్దరికీ మాటల్లేక మూడేళ్లవుతోంది.

కారణం ఒక తారీఖు. వాళ్ల బాపు బతికున్నన్నాళ్లూ ఆదిలాబాద్‌లో ఏటా ఒక రోజు రోడ్డు పక్కన పందిరి వేసి, పాలు, చక్కెర, గులాబీ సిరప్, ఐసు కలిపిన షర్బత్‌ను దారినపోయే అందరికీ పోసేవారు. సిక్కుల ఐదో గురువును కాలుతున్న ఇనుప పెనం మీద కూర్చోబెట్టి, ఒంటి మీద వేడి ఇసుక పోసి హింసించారు. ఆ బలిదానాన్ని తలుచుకుంటూ ఎదుటి మనిషి గొంతు చల్లబరచడం వాళ్ల ఆచారం. బాపుది నాందేడ్ గురుద్వారా వైపు నడిచే పాత పద్ధతి. చంద్రుణ్ణి బట్టి తిథి చూసేవారు కనుక, ఆ రోజు ఒక ఏడాది మే నెలలో, ఇంకో ఏడాది జూన్‌లో వచ్చేది. సిక్కులకు ఇప్పుడున్న నానక్‌షాహీ క్యాలెండర్ సూర్యుణ్ణి పట్టుకుని నడుస్తుంది. దాని ప్రకారం ఆ రోజు ఏటా జూన్ పదహారే. బాపు పోయాక అక్క పదహారునే చేద్దామంది. పిల్లలు ఉద్యోగాల్లో ఉన్నారు, తారీఖు ముందే తెలిస్తే సెలవు పెట్టుకుని అందరూ వస్తారని ఆమె ఆలోచన. బాపు చేసిన తిథిని మార్చేది లేదన్నాడు అన్న. మాట పెరిగి, "నీ తారీఖు నీ ఇంట్ల చేసుకో" అనేదాకా పోయింది. అప్పటినుంచి ఆదిలాబాద్‌లో ఒక రోజు, కరీంనగర్‌లో మా గల్లీ మొదట్లో ఇంకో రోజు, రెండు పందిళ్లు.

ఈ ఏడు ఆదిలాబాద్‌లో తిథి వచ్చి వెళ్లిపోయింది. పందిరి పడలేదు. ఏప్రిల్‌లో ప్రతాప్ సింగ్‌కు హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక వెల్డింగ్ షాపు తెరవలేదు, గుమ్మం దాటలేదు, తిండి మీద ధ్యాస లేదు. వదిన మంజీత్ ఫోన్ చేసి చెప్పిందట, "పందిరి ఎయ్యకున్నా ఏం మాట్లాడలే. గోడ దిక్కు చూసుకుంట పండుకున్నడు. నువ్వొక్కసారి వచ్చిపో." అక్క రెండు రోజులు ఆలోచించి నిర్ణయించుకుంది. పదహారున అన్న షాపు ముందు తనే పందిరి వేస్తుంది. వెళ్లగొడితే వెళ్లిపోతుంది.

పదిహేనో తారీఖు పొద్దున్నే కరీంనగర్ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే చార్జీ లేని జీరో టికెట్. మగవాళ్లకు మూడు నాలుగు వందల మధ్య అవుతుంది. మేం జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా నిర్మల్ వెళ్లి, అక్కడ బస్సు మారి ఆదిలాబాద్ చేరాం. అంతా కలిపి ఆరేడు గంటలు పెట్టుకోండి. కొండగట్టు దగ్గర స్వామి దర్శనానికి వచ్చినవాళ్లు దిగిపోయి, మాకు కిటికీ పక్క సీట్లు దొరికాయి. దారి పొడవునా దుక్కి దున్నిన నేల తడిసి నల్లగా ఉంది.

అక్క తన క్యాలెండర్ గురించి చెబుతూ వచ్చింది. వాళ్ల కొత్త సంవత్సరం చేత్ నెల ఒకటో తారీఖు, అంటే మార్చి పద్నాలుగు. మొదటి అయిదు నెలలకు ముప్పై ఒక్క రోజులు, మిగిలినవాటికి ముప్పై. సంవత్సరాల లెక్క మొదటి గురువు పుట్టిన ఏడాది నుంచి మొదలవుతుంది. ప్రతి నెల మొదటి రోజును సంగ్రాంద్ అంటారు. మనం సంక్రమణం అనే మాటే. ఆ రోజు గురుద్వారాలో కొత్త నెల పేరు చెప్పి ప్రార్థన చేస్తారు. పండుగలూ గురువుల రోజులూ చాలావరకు ఇంగ్లిష్ తారీఖు మారకుండా వస్తాయి. "మొదటి గురువు పుట్టినరోజు ఒక్కటి మాత్రం గిప్పటికీ కార్తీక పున్నమే. దాన్ని ఎవలు ముట్టలే," అంది.

నాకు ఇందులో కొత్తేమీ కనిపించలేదు. మా బాపు వేములవాడ దగ్గర వ్యవసాయం చేస్తాడు. ఉగాది ఎప్పుడని అమ్మ పంచాంగం అడుగుతుంది కానీ, మిరుగం ఎప్పుడని బాపు ఎవర్నీ అడగడు. మృగశిర కార్తెను మా దగ్గర మిరుగం అంటారు. కార్తెలన్నీ సూర్యుడి లెక్కే కనుక అది ఏటా జూన్ ఏడో ఎనిమిదో తారీఖునే వస్తుంది. పండుగలకు చంద్రుణ్ణి, విత్తనాలకు సూర్యుణ్ణి నమ్ముకుని రెండు లెక్కలూ ఒకే ఇంట్లో నడుస్తాయి. ఈ మాట చెబితే అక్క కిటికీ వదిలి నా వైపు తిరిగింది. "మీ ఇంట్ల కొట్లాట రాలేదా మరి?" అని అడిగింది. లేదన్నాను. సోన్ దగ్గర గోదావరి దాటుతుంటే ఆమె కొంగు సర్దుకుని నీళ్లకు దండం పెట్టింది. నిర్మల్‌లో టీ తాగాం, కప్పు పదిహేను రూపాయలు. ఘాటు రోడ్డు ఎక్కేసరికి మొగులు కమ్మింది.

ఆదిలాబాద్‌లో ఆటో ఎక్కి ఇంటి ముందు దిగాం. మంజీత్ వదిన గుమ్మంలోనే అక్కను కౌగిలించుకుంది. "మంచిరోజు వచ్చినవ్. గియ్యాల సంగ్రాంద్. నీ లెక్కల గూడ గియ్యాలనే, మా లెక్కల గూడ గియ్యాలనే," అంది. నెల మొదలు మాత్రం పాత పద్ధతిలోనూ సూర్యుణ్ణి బట్టే చూస్తారట. ఈసారి రెండు లెక్కలూ ఒకే రోజున కలిశాయి. ప్రతాప్ సింగ్ లోపలి గదిలో మంచం మీద ఉన్నాడు. పెద్ద ఒళ్లు కరిగిపోయి చొక్కా వదులై ఉంది. చెల్లెల్ని చూశాడు. "ప్రయాణం మంచిగైందా?" అని నన్ను అడిగాడు. ఆమెను ఏమీ అడగలేదు. అక్క మంచం పక్కన కుర్చీలో కూర్చుంది. చివరికి ఆమే అంది, "రేపు షాపు ముంగట పందిరి ఎయ్యాలనుకుంటున్న." ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఎవలెయ్యొద్దన్నరు. రోడ్డు అందరిది." ఆ మాటలో ఒప్పుకోలు ఉందో కోపం ఉందో మాకిద్దరికీ తెలియలేదు. ఆ రాత్రి అక్క రొట్టె సగం తిని వదిలేసింది.

పొద్దున్న ఇంటిని ఆనుకునే ఉన్న షాపు ముందు టార్పాలిన్ కట్టి, పెద్ద స్టీలు డ్రమ్ములో షర్బత్ కలిపాం. ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డ తెచ్చాం. శనగలు ఉడికించి ఉల్లిపాయ, మిరపకాయ వేసి తాలింపు పెట్టింది వదిన. అన్నీ సర్దుకుని గ్లాసులు వరసగా పేర్చేసరికి వాన మొదలైంది. ముందు తుంపర, తర్వాత నిలువునా కురిసింది. గాలి చల్లబడింది. రోడ్డు మీద పత్తి విత్తనాల కోసం ఊళ్ల నుంచి వచ్చిన రైతులు నెత్తిన యూరియా సంచులు కప్పుకుని పోతున్నారు. అక్క పిలుస్తూనే ఉంది. "రాండ్రి, జర తాగి పోండ్రి." ఒకాయన ఆగి గ్లాసు ముట్టుకుని, "సల్లగున్నది తల్లీ, దగ్గు లేస్తది," అని దించేసి వెళ్లాడు. శనగలు మాత్రం తీసుకున్నారు. గంట గడిచినా డ్రమ్ములో షర్బత్ తగ్గలేదు. అక్క చేతిలో గరిటె అలాగే ఉంది. ఆమె ముఖం చూడలేక నేను టార్పాలిన్ మీద నిలిచిన నీళ్లను కర్రతో తోస్తూ నిలబడ్డాను.

అప్పుడు ఇంటివైపు తలుపు తెరుచుకుంది. ప్రతాప్ సింగ్, మంజీత్ వదిన భుజం పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ వచ్చాడు. హైదరాబాద్ నుంచి వచ్చాక గుమ్మం దాటడం అదే మొదటిసారని తర్వాత తెలిసింది. పందిరి కిందికొచ్చి డ్రమ్ములోకి తొంగి చూశాడు. ఐసు గడ్డ కరగకుండా తేలుతోంది. "నీ సూర్యుడు యాడికి వోయిండు?" అన్నాడు చెల్లెలితో. మూడేళ్ల తర్వాత ఆమె ముఖం చూస్తూ ఆయన ఆడిన మొదటి మాట అది.

"మొగుల్లనే ఉన్నడు. యాడికి వోతడు," అంది అక్క. తలెత్తే అంది.

"గీ తారీఖు పంజాబ్ ఎండకు మంచిగనే ఉంటది. మన దిక్కు మిరుగం వచ్చినంక సల్లటి షర్బత్ ఎవలు తాగుతరు?" అని, అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపు వాన చూసి, వదిన వైపు తిరిగాడు. "షాపు తాళం తియ్యి. లోపల పెద్ద స్టవ్ ఉన్నది. పాలు కాగబెట్టుండ్రి."

షాపు షట్టర్ ఎత్తాం. స్టవ్ బయటికి తెచ్చి, ఇంకో పది లీటర్ల పాలు తెప్పించి, యాలకులు దంచి వేశాం. చక్కెర ఎంత వేయాలో ఆయనే చెప్పాడు. వేడి పాల వాసన రోడ్డు మీదికి పోగానే జనం వాళ్లంతట వాళ్లే రావడం మొదలుపెట్టారు. ఆటో డ్రైవర్లు, ఉట్నూరు వైపు బస్సు కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్లు, విత్తన సంచులు మోస్తున్న రైతులు. ఒక ముసలి రైతు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "ఏం పండుగ సర్దార్?" అని అడిగాడు.

"పండుగ కాదు. యాది," అన్నాడు ప్రతాప్ సింగ్. కాలే పెనం సంగతి, ఇసుక సంగతి రెండు మాటల్లో చెప్పాడు. బతుకంతా ఇనుము కాల్చిన మనిషి కాబట్టేమో, పెనం అన్నప్పుడు ఒక్క క్షణం ఆగాడు.

రైతు ఆలోచించాడు. "మరి సల్లటిది ఇయ్యాలె గదా?"

"వాన వడుతుంది గదనే. మనిషికి యే టైముకు ఏది హాయి అనిపిస్తే గదే ఇయ్యాలె," అన్నాడు ఆయన. అక్క పాలు పోస్తున్నదల్లా ఆగి అన్న వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు. తర్వాత ఒక గ్లాసు సగం నింపి అన్నకు ఇచ్చింది. తీపి తగ్గించమన్నారు డాక్టర్లు. రెండు గుటకలు తాగి తిరిగిచ్చాడు.

మధ్యాహ్నం వాన తగ్గాక ముగ్గురం షాపులో కూర్చుని శనగలు తింటుంటే, ఆయన నాతో చెప్పాడు. చెల్లెలు బయట గిన్నెలు కడుగుతోంది. "తిథి మీద నాకు పట్టింపు లేదు బిడ్డా. ముందుగాల ప్రతి ఏడు ఫోన్ జేసేది. అన్నా, గీసారి ఎప్పుడొచ్చింది అని అడిగేది. నేను గురుద్వారాల అడిగి చెప్పేటోణ్ని. ఆ ఫోన్ల అన్ని ముచ్చట్లు అయ్యేటివి. కొత్త క్యాలెండర్ గోడకు పెట్టినంక నన్ను అడిగే పనే లేకపాయె." వదిన తల వంచుకుని శనగలు ఏరుతోంది.

ఈ మాట అక్కకు చెప్పాలా వద్దా అని తిరుగు ప్రయాణంలో నిర్మల్ దాకా తేల్చుకోలేదు. ఆర్మూర్ దాటాక చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని, ఫోన్ తీసి అన్నకు కలిపింది. "అన్నా, బస్సుల ఉన్న. ఫికర్ చెయ్యకు, మంచిగనే పోతున్నం. గీ ఏడు కార్తీక పున్నం ఎప్పుడొస్తుంది? జర అడిగి చెప్పు." అటువైపు ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు. ఫోన్ మాత్రం జగిత్యాల దాకా నడిచింది. మందుల గురించి, మనవళ్ల గురించి, షాపు షట్టర్‌కు పట్టిన తుప్పు గురించి. పందిరి ఏ రోజు వేయాలన్న మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. ఇప్పటికీ ఆయనది తిథే, ఆమెది పదహారే. ఆ నెలాఖరుకు ప్రతాప్ సింగ్ పూటకు రెండు గంటలు షాపు తెరుస్తున్నాడని వదిన చెప్పింది.

ఒకే రోజున అందరూ కలిసి ఒకే పని చేయడానికే మనుషులు క్యాలెండర్లు కట్టుకున్నారని నేననుకునేదాన్ని. సూర్యుడి లెక్కకు ఒక న్యాయం ఉంది. దూరాన ఉన్నవాడు కూడా ముందే తెలుసుకుని బయలుదేరగలడు. చంద్రుడి లెక్కకూ ఒకటి ఉంది. తెలిసినవాణ్ణి అడగాలి, అడిగినప్పుడు నాలుగు మాటలు కలుస్తాయి. ఏది సరైనదో పండితులు తేలుస్తారు. ఆదిలాబాద్ వానలో నేను చూసింది మాత్రం, తలుచుకోవాల్సిన బాధను ఇద్దరూ ఒక్కలాగే తలుచుకున్నారని.

సిక్కుల రోజులు చూడడానికి ఈ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక సూచన. ఇంటర్నెట్‌లో కనిపించిన తారీఖును నమ్మి టికెట్ తీసుకోకండి. వెళ్లబోయే ఊరి గురుద్వారాకు ముందుగా ఫోన్ చేసి, వాళ్లు ఏ క్యాలెండర్ పాటిస్తారో, ఆ రోజు ఎప్పుడు జరుపుతున్నారో అడిగి బయలుదేరండి.