చూపించని తొమ్మిది అర్థాలు

ఇంగ్లీషు నాలుగు ముక్కలు వస్తే చాలు, సికింద్రాబాదులో ఏదో ఒక బల్ల వెనక మన కోసం ఓ కుర్చీ ఖాళీగా ఉంటుందని ఆడపిల్లలమంతా నమ్మిన కాలం అది. డిగ్రీ అయి రెండేళ్లు దాటినా రెజిమెంటల్ బజార్‌లోని మా బట్టల దుకాణంలో మీటరు కర్ర వదలలేకపోయిన నాకైతే ఆ నమ్మకం మరీ ఎక్కువ. కార్ఖానా బస్తీలో ఒక చిన్న ఇంగ్లీషు బడికి టీచరు కావాలని తెలిసిన రోజున నాయిన తేల్చి చెప్పేశాడు. "ఈ ఒక్కపారి పోయి రా బిడ్డా. రాలేదనుకో, ఇగ నౌకరి ముచ్చట ఎత్తొద్దు. సప్పుడు జేయక గల్లా కాడ కూసో."

నాకు చదువు చెప్పే పూచీ లాలాగూడ ఆంటీ తీసుకుంది. (గుంటూరు నుంచి వచ్చి రైల్వే క్వార్టర్సులో స్థిరపడిన టీచరు, పక్కింటి కుక్కకు కూడా ఇంగ్లీషు నేర్పగలదని పేరు.) ఆ బడి పెద్ద టీచరమ్మ, ఇంటర్వ్యూలో ఎవరికి వారే ఒక చిన్న మాట ఎంచుకుని దాని అర్థాలు చెప్పమంటుందట. "పెద్ద పెద్ద మాటలు బట్టీ పట్టమాక. 'రన్' ఒక్కటి చాలు" అంది ఆంటీ. పరుగెత్తడమే కదా అన్నాను. "అంతేననుకున్నావా? బస్సు రన్ అవుద్ది, కుళాయి రన్ అవుద్ది, పడిశం పడితే నీ ముక్కూ రన్ అవుద్ది. మీ నాన్నారు దుకాణం రన్ చేస్తున్నారా లేదా?" నాకు కళ్లు తిరిగాయి. "జెర తగ్గించండి ఆంటీ, ఆరుతోని సరిపెట్టుకుందాం" అన్నాను. "అర్థాలకు కూడా బేరమేంటే!" అని నెత్తిన ఒకటి మొట్టి పన్నెండూ నేర్పించింది. ఆఖరిది వినగానే ఎగిరి గంతేశాను. ఉతికితే చీర రంగు దిగడాన్ని కూడా రన్ అనే అంటారట! రోజుకు పదిమంది మమ్మల్ని అడిగే ప్రశ్న అది. నా దుకాణంలో అన్నిటికన్నా మేలైన సరుకు అదేనని అప్పుడే నిర్ణయించుకున్నాను.

కొంప అక్కడే మునిగింది. మా బజారులో మేలైన చీర ముందే పరచరు. మొదట మామూలు రకం తీస్తారు, గిరాకీ మూతి విరిస్తే కాస్త మంచిది. అసలైనది పై అరలోనే ఉంటుంది, "ఇంకేం లేవా?" అన్న మాట వినబడ్డాకే కిందికి దిగుతుంది. పెద్ద టీచరమ్మ ముందు నేనూ అదే చేశాను. పరుగు, బస్సు, కుళాయి అని మూడు మామూలు రకాలు పరిచి, చేతులు కట్టుకుని, లోపల ఇంకా సరుకుందన్నట్టు చిరునవ్వు నవ్వుతూ కూర్చున్నాను. ఆమె అడగలేదు. కాగితం మీద ఏదో రాసుకుని "సరేనమ్మా, వెళ్లిరండి. తర్వాతి అమ్మాయిని పంపండి" అంది.

నేను తగ్గుతానా? బేరం తెగకపోతే లేచి నడవాలి, అయిదో అడుగు లోపల వెనక్కి పిలుస్తారు. లేచాను, తర్వాతి అమ్మాయిని పంపాను, చెవులు వెనక్కి పెట్టి నడిచాను. అయిదడుగులయ్యాయి. వరండా అయిపోయింది. చెట్టు కింద చాలాసేపు ఆగి చూశాను. పిలుపు రాలేదు. మళ్లీ అడుగులో అడుగేసుకుంటూ గేటు దాకా వస్తే వాచ్‌మన్ జాలిపడ్డాడు. "ఏందమ్మా, కాలు నొస్తున్నదా? గట్ల నడుస్తున్నవ్?"

అప్పుడు మా వంశంలో ఎవరూ చేయని పని చేశాను. పిలవకుండానే వెనక్కి పరుగెత్తాను. "మేడమ్, ఇంకా తొమ్మిదున్నయి!" అంటూ ముక్కుతో సహా, చీర రంగుతో సహా, అన్నీ ఆ బల్ల మీద కుమ్మరించాను. ఆమె కళ్లద్దాలు తీసి నా వంక చూసింది.

"మరి ఇందాక చెప్పలేదేం?"

"మీరు అడగలేదు మేడమ్."

"పిల్లలు కూడా అడగరమ్మా. ఏం అడగాలో వాళ్లకేం తెలుసు? మన దగ్గర ఉన్నది మనమే ముందు ఇవ్వాలి." గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ కుంగదీసింది. "నీ తర్వాత వచ్చిన అమ్మాయికి మాట ఇచ్చేశాను."

ఏడుపు తన్నుకొస్తున్నా, బేరమాడిన నోరు కదా, ఊరుకోలేదు. "ఆమె ఎన్ని చెప్పింది మేడమ్?"

"నాలుగు."

ఒక్క అర్థం తేడాతో నా బతుకు కార్ఖానాలో దిగకుండా వచ్చిన బస్సులోనే తిరిగి రెజిమెంటల్ బజార్‌కు చేరింది. నాయిన ఏమైందని అడగలేదు. నా మొహం చూసి, గల్లా వెనక పరుపు మీద కాస్త పక్కకు జరిగాడు. కోప్పడినా బాగుండేది. ఆ జరిగిన జాగాలో కూర్చున్నదాన్ని మళ్లీ లేవలేదు.

ఇప్పుడు దుకాణం నాది. పెద్ద టీచరమ్మ మాట మనసులో పెట్టుకుని, ఎవరొచ్చినా అన్నిటికన్నా మంచి చీరే ముందు పరుస్తాను. వాళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి, నా మొహం అనుమానంగా చూసి, "మంచియి లోపల దాసినట్టున్నది, పోదాం పా" అని లేచిపోతారు. "అయ్యో, అదే మంచిదమ్మా, రాండ్రి!" అని వెనకనుంచి అరుస్తాను. ఒక్కరూ ఆగరు. అప్పుడు ఆ వరండాలో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచిన పిల్ల గుర్తొచ్చి, చీర మడత పెడుతూ నాలో నేనే నవ్వుకుంటాను.