వడ్లు చూసిన మంగమ్మ

పొద్దున తొమ్మిదో తరగతికి ‘రిగార్డ్’ అనే ఇంగ్లీషు మాట చెప్పాను. చూడటానికీ, లెక్కచేయడానికీ, గౌరవించడానికీ అదే మాట. "సూసుడు, గౌరవించుడు ఒకటెట్లయితది సార్?" అని శైలజ అడిగింది. రేపు చెప్తానన్నాను.

సాయంత్రం బియ్యం కోసం మిర్యాలగూడలో తెలిసిన సేటు మిల్లుకు వెళ్లాను. ఒక రైతు ట్రాక్టర్ నిండా వడ్లు తెచ్చాడు. తేమ చూసే మిషన్ సరేనంది. అయినా సేటు దించనివ్వలేదు. దామరచర్ల దగ్గరి తండా నుంచి మిల్లులో పనికి వచ్చే మంగమ్మను పిలిపించాడు. ఆమె రాగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మంగమ్మ గుప్పెడు వడ్లు అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది, గింజల్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. ఒకటి కొరికింది.

"లోపల ఇంక పచ్చిగున్నయ్ సేటూ. గిప్పుడు ఆడిస్తే అన్నీ నూకలే అయితయ్. రెండు దినాలు ఎండనియ్."

"నువ్వెట్లంటే గట్లనే మంగమ్మా."

రైతు ట్రాక్టర్‌ను ఎండబోసే గచ్చు వైపు తిప్పాడు. సేటుతో పాటు నేనూ లేచి, ఆమె చూసినంతసేపూ నిలబడే ఉన్నానని అప్పుడు గమనించాను.

రేపు క్లాసుకు డిక్షనరీ కాదు, గుప్పెడు వడ్లు తీసుకెళ్తాను. మీరు ఎవరి చూపు ముందు లేచి నిలబడతారు?