మూలకి వెళ్ళే మొదటివాడు

దోహాలో మంచు మీద హాకీ ఆడతామంటే మావాళ్ళు ఫోన్లోనే నవ్వుతారు. బయట మాడు పగిలే ఎండ, మాల్ లోపల మంచు. చిన్నప్పుడు విశాఖలో చక్రాల స్కేట్ల మీద హాకీ ఆడినవాణ్ణి. ఇక్కడికొచ్చాక ఆ పిచ్చి మంచు మీదికి ఎక్కింది. వారమంతా వెస్ట్ బే ఆఫీసులో కూర్చుని సైట్ సర్వేయర్ల మీద పెత్తనం, శుక్రవారం మా జట్టుకి కోచింగ్. జట్టంటే ఏముంది, సగంమందికి మోకాళ్ళ నొప్పులు.

ఒకసారి మనుషులు తక్కువైతే, నా కింద పనిచేసే కడప సర్వేయర్ని రమ్మన్నాను. ముప్పై ఐదేళ్ళ మనిషి. స్కేట్లు జన్మలో తొడిగి ఎరగడు. "సరే సార్" అన్నాడు. రెండేళ్ళు పడీ లేచీ నేర్చుకున్నాడు. అతనికి ఇష్టమో కాదో నేను అడగలేదు, అడగాలని తోచనే లేదు.

మా ఆటంతా ఫోర్‌చెక్ మీదే. పక్, అంటే బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ, అవతలివాళ్ళ చేతిలో, వాళ్ళ గోల్ దగ్గరే ఉన్నప్పుడు మనం వెనక్కి తగ్గకుండా అక్కడికే పోయి మీదపడటం. అల్ ముంతజాలో మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద టీ గ్లాసులు పేర్చి చెప్పేవాణ్ణి. "కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టడం కాదయ్యా. వాడు కూత ఎత్తకముందే వాడి కోర్టులోకెళ్ళి పట్టాలి." మొదటివాడు మూలకి దూసుకెళ్ళి పక్ ఉన్నవాడికి ఊపిరాడనివ్వకూడదు. రెండోవాడు పక్ ఎటు జారుతుందో చూసి అటు కాయాలి. మూడోవాడు వెనకే నిలబడాలి. మొదటి గ్లాసు ఎప్పుడూ కడప సర్వేయరే. నా మాట జవదాటడని లోలోపల గర్వం కూడా.

అలా దూసుకెళ్ళినవాడు ముప్పావు నిమిషానికి మించి మంచు మీద ఉండకూడదు. అలసట రాగానే తనంతట తానే బెంచీకి వచ్చేయాలి, ఇంకొకడు వెళతాడు. కోచ్‌ని అడగక్కర్లేదు. మిగతావాళ్ళకి ఒక్కసారి చెబితే సరిపోయింది. ఇతనేమో సైట్లో నేను 'చాలు' అనేదాకా ఎండలో ట్రైపాడ్ పక్కనుంచి కదలని మనిషి. ఇక్కడా అంతే, నేను చెయ్యి ఊపితేనే వచ్చేవాడు. అదంతా క్రమశిక్షణ అనుకుని మురిసిపోయాను. నా బుద్ధి గడ్డితింది!

ఒక శుక్రవారం మ్యాచ్‌లో ఒక గోలు వెనకబడి ఉన్నాం. గడియారం చూసేవాడు తప్పు చేశాడని నేను వాడి మీద నోరు పారేసుకుంటున్నాను. నా నోరు లేస్తే ఆగదు. వెనక ఆట నడుస్తూనే ఉంది. తిరిగి చూసేసరికి సర్వేయరు ఇంకా లోపలే ఉన్నాడు, రెండు నిమిషాలు దాటిపోయింది. కాళ్ళు తేలిపోతున్నాయి. అయినా మూలకే, మళ్ళీ మూలకే. నేను చెయ్యి ఎత్తేలోపే ఆగలేక గోడకి కొట్టుకున్నాడు. మోకాలు విరిగిన ఆ చప్పుడు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆస్పత్రిలో భయంకొద్దీ కోప్పడ్డాను. "ఏటయ్యా, బయటికి వచ్చేయొచ్చు కదా!"

"మీరు పిల్చల్యా కదా సార్" అన్నాడు, తప్పు తనదే అన్నట్టు.

రెండు ఆపరేషన్లయ్యాయి. ఇక పునాది గుంటల్లోకి దిగి కొలతలు తీసే పని చేయలేడని డాక్టరు రాసిచ్చాడు. కడపలో ఇద్దరు ఆడపిల్లల చదువు ఆ ఉద్యోగం మీదే నడుస్తోంది. కూర్చుని చేసే డ్రాయింగ్ పనిలో వేయమని మా పైఅధికారిని అడిగాను. "డ్యూటీలో తగిలిన దెబ్బ కాదుగా. తన ఇష్టంతో మానేస్తున్నట్టు రాయించు" అన్నాడాయన. ఆ నెలలోనే నా కాంట్రాక్టు పొడిగింపు కూడా ఆయన చేతిలో ఉంది. రెండోసారి అడగలేదు. భయపడ్డాను, ఇంకేం చెప్పను?

రాజీనామా కాగితం పట్టుకుని అబూ హమూర్‌లో అతని గదికి వెళ్ళాను. నన్ను చూసి కర్ర ఆనించుకుని లేచి నిలబడబోయాడు. కూర్చోమన్నాను. టీ పెట్టిస్తానంటే వద్దన్నాను. కాగితం ఇవ్వగానే జేబులోంచి పెన్ను తీశాడు.

"యాడ పెట్టల్ల సార్?"

"ముందు చదువు."

"మీరు చదివినారు కదా సార్."

చదవడమేమిటి, రాసిందే నేను. సంతకం ఎక్కడ పెట్టాలో వేలుపెట్టి చూపించాను.