సెల్లులు లేని ఆట

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే ఈ సంగతి విన్న మా చుట్టాల్లో సగం మంది నాకు తాయెత్తు కట్టించాలని చూశారు. నేను దుబాయ్‌లో వీడియో గేమ్ మిషన్లు బాగుచేసేవాణ్ణి. వైరు తెగితే మిషన్ ఆగుతుంది, అతికిస్తే నడుస్తుంది. నాకు తెలిసిన లోకం అంతే.

ఇది ఎనభైలలో మాట. బీరువాలంత మిషన్లు వరుసగా పెట్టిన హాల్లో నా పని. పొద్దంతా వాటిని బాగుచేయడం, డ్యూటీ దిగాక వాటి ముందే నిలబడి ఆడడం. రూములో తోటివాళ్ళు ఇంటికి ఉత్తరాలు రాసుకుంటుంటే నేను నా పాయింట్లు లెక్కపెట్టుకునేవాణ్ణి.

మా సూపర్‌వైజరు ఒకసారి నాకు విడమరిచి చెప్పాడు. ఆడేవాడు ఎప్పుడూ కొద్దిలోనే ఓడిపోవాలట. చిత్తుగా ఓడితే విసిగి ఇంటికి పోతాడు, గెలిచినా పోతాడు. ఆ మిషన్లు చేసే కంపెనీల తెలివంతా అందులోనే ఉందని నాకు బాగా తెలుసు. తెలిసి కూడా పడ్డాను. సిగ్గులేనితనం అంటే నాదే.

రెండేళ్ళకు మొదటి సెలవు దొరికితే జహీరాబాద్ వచ్చాను. అరచేతిలో పట్టే గేములు రెండు తెచ్చాను. ఒకటి నాకు, ఒకటి అక్క కూతురు పద్మకు. దానికి అయిదేళ్ళు. రెండింటిలోనూ చొక్కా గుండీలంత చిన్న సెల్లులు ఉండేవి.

పది రోజులకే నా గేములో సెల్లులు అయిపోయాయి. జహీరాబాద్ బజారులో రేడియో దుకాణాలన్నీ తిరిగాను. అటువంటి సెల్లులు ఎవరూ చూసి కూడా ఎరగరు. అక్క వాటిని తీసుకుని రేడియో సెల్లులతో పాటు గోడ మీద ఎండకు పెట్టింది. ఎండలో పెడితే మళ్ళీ పనిచేస్తాయని మా ఇళ్ళల్లో అందరికీ గట్టి నమ్మకం. నాకు అంత ఓపిక ఎక్కడిది? పద్మ గేములో సెల్లులు తీసి నా దాంట్లో వేసుకున్నాను. దానికి చెప్పనైనా లేదు.

మరునాడు చిరాగ్‌పల్లి దగ్గర బావ చెరుకు తోటకు పోయాం. అక్క కూలీలకు అన్నం పెట్టడానికి పోతూ, "జర పిల్లను సూస్తుండురా. గా ఆటల పడి మర్సిపోకు," అంది. నేను మోటారు కొట్టం నీడలో మంచం మీద కూర్చుని ఆడుతున్నాను. పద్మ పక్కనే కూర్చుని తన గేము ఒత్తుతూ ఉంది.

"మామా, ఇది సప్పుడు చేస్తలేదు."

నేను తల ఎత్తలేదు. "ఒత్తుతుండు, మోగుతది," అన్నాను.

నా ఆట ముగిసి చూసేసరికి పక్కన పిల్ల లేదు.

బావి పది అడుగుల దూరంలోనే ఉంది. అందరి కళ్ళూ ముందు అటే పోయాయి. బావ కట్టుబట్టలతో మెట్లు దిగి నీళ్ళలోకి దూకాడు. అక్క ఇంకా నరకని చెరుకులోకి దూరి పిల్లను పేరు పెట్టి పిలుస్తోంది. తోట పక్క రోడ్డు మీద బొంబాయి లారీలు పోతూనే ఉన్నాయి. పిల్ల అటు పోయి ఉంటే? బావ పైకి వచ్చి తల అడ్డంగా ఊపాడు. బావిలో లేదన్నమాట. ఆ ఒక్క సైగకు ఊపిరి తీసుకున్నాను.

అప్పుడు వినబడింది. ఆట మొదలుపెట్టినప్పుడు ఆ గేము చేసే నాలుగు చిన్న కూతలు. పక్కవాళ్ళ చేను వైపు నుంచి. నిజానికి ఆ శబ్దం ఒక గదిలో మోగితే పక్క గదికి వినబడదు. నా గేము మంచం మీదే పడి ఉంది. నేను అటు పరుగెత్తాను.

ఆ చేను అప్పటికే నరికేశారు. ఎండిన చెరుకాకు మోకాలి లోతున పరిచి ఉంది. మోళ్ళు మళ్ళీ చిగురించాలని ఆ ఆకును కాలుస్తారు. గట్టు మీద ఆ చేను జీతగాడు సాయిలు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో గ్యాసునూనె గుడ్డ చుట్టిన కట్టె, రెండో చేతిలో అగ్గిపెట్టె. పిల్ల తప్పిపోయిన సంగతి అతనికి తెలియదు.

"గదేం పిట్ట పటేలా? గిసొంటి కూత నేనెన్నడు ఇన్లే," అన్నాడు. ఏం పిట్టో చూద్దామని అగ్గిపుల్ల గీయకుండా ఆగాడట.

అతను చూపించిన చోట ఆకు రెండు చేతులా లాగి పారేశాను. పద్మ లోపల ఉంది. ఆకు కుప్ప చేసి ఇల్లు కట్టుకుని, అందులో పడుకుని నిద్రపోయింది. గేము పిడికిట్లోనే ఉంది. నేను ఎత్తుకుంటే కళ్ళు తెరిచి, "మామా, మోగిందా?" అని అడిగింది.

అక్కడే గేము తిప్పి చూశాను. వెనక మూత లేదు. సెల్లులు ఉండే చోటు ఖాళీ. బావకు కూడా చూపించాను. ఆ సెల్లులు మంచం మీది నా గేములో ఉన్నాయి. అయిపోయిన నా సెల్లులు, ఇంటికి పోయి చూస్తే, గోడ మీదే ఉన్నాయి.

దుబాయ్ పోయాక మా సూపర్‌వైజరుకు చెబితే భయానికి చెవులు మోగి ఉంటాయని నవ్వాడు. సరే, నా చెవులు మోగాయి. సాయిలు చెవులకు ఏం భయం? ఇంకా నాలుగేళ్ళు అక్కడ మిషన్లు బాగుచేశాను కానీ డ్యూటీ దిగితే రూముకు వచ్చేసేవాణ్ణి. ఆటల మీద నాకు కోపం లేదు. ఎవరైనా పిలిస్తే తల ఎత్తడం మాత్రం నేర్చుకున్నాను. పాతికేళ్ళు దాటినవాడికి అది కూడా ఒకరు నేర్పాల్సి వచ్చింది.

పిల్ల దొరికిన ఆ రోజు పొద్దుగూకుతుండగా అక్క దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. సెల్లులు తీసుకున్నది, పిల్లను చూడనిది, మోగుతుందని అబద్ధం చెప్పినది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను. అక్క కంచం నా ముందుకు జరిపింది.

"పిల్ల దక్కింది గదరా. బువ్వ తిను."

ఆ కూత ఎక్కడిదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ పూట మాత్రం ఏడ్చుకుంటూనే మారు అడిగి పెట్టించుకుని తిన్నాను.