నా పేరు మీద నాకు తెలియని దుకాణం

జనగామలో మోటర్లు, పైపులు అమ్మే దుకాణంలో తొమ్మిదేళ్లు బిల్లులు కొట్టాను. మాది గూడూరు దగ్గర తండా. ఇంట్లో మా భాషే మాట్లాడుకునేవాళ్లం, తెలుగు బడిలో నేర్చుకున్నాం. ఆ తండాలో డిగ్రీ దాకా చదివిన ఆడపిల్లలం నేనూ, మా చెల్లెలూ ఇద్దరమే. పెళ్లయి నేను జనగామకు వచ్చాను, ఆమె భూపాలపల్లికి పోయింది. అక్కడ ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది.

దుకాణం సేటు యాభై దాటిన మనిషి. నన్ను బిడ్డా అనే పిలిచేవాడు. నా భర్త లారీ దేవరుప్పుల దగ్గర బోల్తా పడి కాలు విరిగినప్పుడు సేటే తన కారులో హన్మకొండ దవాఖానకు తీసుకుపోయాడు. రెండు నెలలు నేను పనికి పోకపోయినా జీతం ఆపలేదు. సొంతవాళ్లు కూడా అంత చేయరని తండాలో మా బాపు పదిమందికి చెప్పుకున్నాడు.

అందుకే రెండు రకాల బిల్లుల సంగతి నేను పెద్దగా పట్టించుకోలేదు. బిల్లు అడిగినవాళ్లకు కంప్యూటరులో పక్కా బిల్లు కొట్టేదాన్ని. అడగని రైతులకు తెల్ల చిట్టీ రాసిచ్చేదాన్ని, ధర కొంచెం తగ్గేది. చిట్టీల లెక్క వేరే పెన్‌డ్రైవులో ఉండేది. సాయంత్రం దాన్ని గ్రీజు డబ్బాల వెనక ఒక ఖాళీ డబ్బాలో దాచేదాన్ని. సరుకులో సగం ఊరి బయట మూతపడిన రైస్‌మిల్లు గదిలో దిగేది. ఇవన్నీ సేటుకూ, నాకూ తప్ప ఎవరికీ తెలియవు. తప్పని తెలియక కాదు. రైతుకు నాలుగు రూపాయలు మిగులుతున్నాయి కదా అని మనసుకు సర్దిచెప్పుకునేదాన్ని.

రెండేళ్ల కిందటి ఎండాకాలంలో మా బాపు బోరు మోటరు కాలిపోయింది. కొత్తది కొనడానికి చెల్లెలు జనగామ వచ్చింది. సేటు బాగా తగ్గించి, చిట్టీ మీద ఇచ్చాడు. మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం తింటూ ఆమె ఆ చిట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది. మోటరు చెడిపోతే దీన్ని పట్టుకుని ఎవరిని అడగాలంది. సేటు ఉన్నాడు కదా అన్నాను. తర్వాత ఒక్కొక్కటే మిగతావి అడిగింది, నేను చెప్పుకుంటూ పోయాను. నోరు జారిందని అబద్ధమాడను. అంత పెద్ద దుకాణం గుట్టు అక్క చేతిలో ఉందని ఆమెకు తెలియాలనిపించింది. డబ్బా సంగతీ, మిల్లు గది సంగతీ గొప్పగానే చెప్పాను.

వానలు మొదలయ్యాక ఒకరోజు పొద్దున పదింటికి దుకాణం ముందు మూడు కార్లు ఆగాయి. పన్నుల ఆఫీసు వాళ్లు. షట్టరు సగం దించి, అందరి ఫోన్లూ బల్ల మీద పెట్టించారు. వాళ్లకు పెద్ద ఒక మేడమ్. ఆమె బీరువాలు, రిజిస్టర్లు అడుగుతుందనుకున్నాను. వాటి వైపు చూడనే లేదు. నేరుగా గ్రీజు డబ్బాల దగ్గరికి పోయి, వెనకనున్న ఖాళీ డబ్బా మూత తీసింది. మిల్లు గది తాళంచెవి కూడా ఇమ్మంది.

సేటు నా వైపు చూశాడు. నేను కాదన్నట్టు తల ఊపాను. నేను కాదన్నది నిజమే. కానీ ఆ డబ్బా సంగతి నేను ఒక్క మనిషికే చెప్పాను. 

మధ్యాహ్నం దాటాక మేడమ్ నన్ను లోపలి గదికి పిలిచింది. ఒక కాగితం ముందు పెట్టి, మహబూబాబాద్‌లో ఉన్న ఈ దుకాణం మీదేనా అని అడిగింది. నాకు దుకాణమేంది మేడమ్, జీతానికి పని చేసేదాన్ని అన్నాను. ఆమె ఇంకో కాగితం తిప్పింది. నా ఆధార్, నా పాన్ కార్డు, నా ఫొటో, నా సంతకం. మూడేళ్ల కింద పీఎఫ్ కడతానని సేటు తీసుకున్న కాగితాలే అవి. వాటితో నా పేరు మీద ఒక వ్యాపారం రిజిస్టరు చేయించి, లేని సరుకుకు బిల్లులు కొట్టించాడు. ఆ చిరునామాలో ఉన్నది ముళ్లకంప పెరిగిన ఖాళీ జాగా అని మేడమ్ చెప్పింది.

మర్నాడు సేటు ఇంటికి పోయాను. కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. చెప్పింది నేను కాదని తనకు తెలుసన్నాడు. కాగితాల మాట ఎత్తితే తల వంచుకున్నాడు.

"వేరేవాళ్ల పేరు మీద పెడితె భయం, బిడ్డా. నీ మీద భరోసా ఉండె గనుక పెట్టిన. అది నీదేనని రాసియ్యి. మిగతాది నేను జూసుకుంట."

దవాఖాన దగ్గర మమ్మల్ని కారులోంచి దింపినప్పుడు కూడా ఆయన మాట ఇంత మెత్తగానే ఉండేది. చాయ్ తాగకుండా లేచి వచ్చాను.

ఆ ఆదివారం భూపాలపల్లి బస్సెక్కాను. చెల్లెలు నన్ను చూడగానే ఎందుకొచ్చానో గ్రహించింది, దాచలేదు. పన్ను ఎగ్గొట్టేవాళ్ల వివరాలిస్తే వసూలైన దాంట్లో వాటా ఇస్తారని తెలిసి, అర్జీ రాశానని చెప్పింది. మేము ఎప్పుడూ మా భాషలోనే మాట్లాడుకుంటాం. ఆ రోజు ఆమె పరాయివాళ్లతో వాదించినట్టు తెలుగులో మాట్లాడింది.

"సబ్బుబిళ్ల కొన్నా నేను పన్ను కడుతున్న, అక్కా. ఆయన లారీలకు లారీలు చిట్టీ మీద అమ్ముతడు. ఆయన జేసుడు తప్పా, నేను జెప్పుడు తప్పా?"

 న్యాయం కోసమే అయితే డబ్బెందుకు అని అడిగాను. మంచి పనికి కూలి తీసుకుంటే పాపమా అంది. అందులో సగం నీకే అనుకున్నానని కూడా అంది.

"నన్ను అడిగినవా?"

"అడిగితె వద్దంటవని అడగలే."

ఇవాళ్టికీ నన్ను పొడిచే మాట అదే. నేను వద్దంటానని తెలిసి కూడా నా నోటి మాటలు తీసుకుపోయి అమ్ముకుంది. నా పేరు మీద ఒక దుకాణం నడుస్తోందని మాత్రం ఆమెకు తెలియదు. చెప్పగానే ముఖం పాలిపోయింది. ఏడ్చింది. నేను ఓదార్చలేదు, అన్నం కూడా తినకుండా వచ్చేశాను.

వరంగల్ పన్నుల ఆఫీసుకు చాలాసార్లు తిరిగాను. జరిగిందంతా రాసిచ్చాను. మీరే ముందు వచ్చి చెప్పి ఉంటే సమాచారం ఇచ్చినవాళ్లయ్యేవాళ్లు, ఇప్పుడు జవాబు చెప్పుకోవలసినవాళ్లయ్యారు అంది మేడమ్. అందులో తప్పేమీ లేదు. సేటు జరిమానా కట్టి నెల తిరగకుండా షట్టరు ఎత్తాడు. జనగామలో ఎప్పుడైనా నేను ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోతాడు. ఆ లేని దుకాణం మీద నాకొచ్చిన నోటీసు మాత్రం ఇంకా నడుస్తోంది. నేను మహబూబాబాద్‌లో ఒక విత్తనాల దుకాణంలో పనికి కుదిరాను.

చెల్లెలు చెప్పి ఉంటే నేను తప్పకుండా ఆపేదాన్ని. ఆపి ఉంటే సేటు నా పేరు మీద ఇంకెన్నేళ్లు బిల్లులు కొట్టించేవాడో! ఇది తెలిసినా ఆమె మీద విరిగిన మనసు అతకదు. చేసింది తప్పని ఒకరోజు, ఒప్పని ఇంకొకరోజు అనిపిస్తుంది. నాకు చెప్పకుండా చేయడం మాత్రం ఏ రోజూ ఒప్పనిపించదు.

పోయిన నెల ఆమెకు వాటాలో మొదటి భాగం వచ్చింది. నన్ను అడగకుండానే సగం నా ఖాతాలో వేసింది. తిరిగి పంపాలని రెండు రోజులు అనుకున్నాను. మూడో రోజు నోటీసుకు జవాబు రాసే ఆడిటరు ఫీజు అడిగాడు. ఆ డబ్బే తీసి కట్టాను. ఆ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.