వ్యవసాయ కాలేజీలో తప్పు జవాబు

అమలాపురం దగ్గరి వ్యవసాయ కళాశాలకు నేను ప్రిన్సిపాల్‌గా ఉన్నన్నాళ్లూ మొదటిరోజు ఒక ఆచారం నడిచేది. కొత్తగా చేరిన పిల్లలు తల్లిదండ్రుల ఎదుట ఒక్కొక్కరే లేచి, చదువయ్యాక ఏమవుతారో చెప్పాలి. ఏటా అవే జవాబులు: అగ్రికల్చర్ ఆఫీసర్, బ్యాంకు ఆఫీసర్, కలెక్టర్. మట్టి గురించి చదవడానికి వచ్చినవాళ్లలో ఒంటికి మట్టి అంటించుకుంటానన్నవాడు ఒక్కడూ లేడు. వినీ వినీ నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు మలికిపురం నుంచి వచ్చిన ఒకమ్మాయి లేచి, "మా చేను నేనే చేసుకుంటానండీ," అంది.

ఇన్నేళ్లకి సరైన జవాబు విన్నానని నేను కుర్చీలోంచి లేవబోయాను. ఈలోగా హాలంతా ఘొల్లున నవ్వింది. మా లెక్చరర్లయితే జేబురుమాళ్లు అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. ఆ పిల్ల తండ్రి, కొబ్బరిరైతు, సిగ్గుతో లేచి దణ్ణం పెట్టాడు.

"తప్పయిపోయిందండీ. తెలీక అనేసిందండీ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "వ్యవసాయ కాలేజీలో ఆ మాట తప్పెలా అవుతుందయ్యా?" అని మైకులోనే గద్దించాను.

ఆయన గొంతు పెంచలేదు. "మీ అబ్బాయిగారు ఏం చేస్తున్నారండీ?"

"బ్యాంకులో ఆఫీసరు," అన్నాను.

"ఆయ్," అని, కూతురి జబ్బ గట్టిగా గిల్లాడు. "మళ్లీ చెప్పవే."

ఆ పిల్ల ఏడుపు దిగమింగుకుని, "బ్యాంకు ఆఫీసర్ అవుతానండీ," అంది.

హాలంతా చప్పట్లు. అందరికంటే ముందు కొట్టినాయన మా కాలేజీలో వరిసాగు చెప్పే మాస్టారు.