కుంకుమ కింద నంబరు

తుపాకీ పట్టిన ప్రతివాడూ తాను కాల్చిన కథే చెప్పుకుంటాడు. నాకు ఒళ్లు మండేది అందుకే. ఆ తుపాకులను బాగుచేసి చేతికిచ్చిన దేవరాజులన్న పేరు ఒక్కడూ ఎత్తడు. చిత్తూరు వైపు మా సాయుధ పోలీసు కంపెనీలో ఆయన ఆర్మరర్. భుజాన ఎప్పుడూ నూనెగుడ్డ, నోట్లో ఎప్పుడూ తిట్టు.

"యా తుపాకీ బోల్టు దానికేరా. పక్కదానిది దూర్సినావంటే గురి తప్పుతాది," అని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. తుపాకీ మీదా, గుండును లోపలికి తోసి బిగించే దాని బోల్టు మీదా ఒకే నంబరు కొట్టి ఉండేది.

1979 ఆయుధపూజకు బోల్టులన్నీ ఊడదీసి, తుడిచి, అరిటాకు మీద వరసగా పేర్చాడు. మావాళ్లకు భక్తి పొంగి ఒక్కొక్కదానికి గంధం, కుంకుమ దట్టంగా పూశారు. హారతి అయ్యాక ఆయనే మళ్లీ తొడిగాడు.

తర్వాతి వారమే ఫైరింగు పరీక్ష. పెద్దవాళ్లెవరైనా కొండకు వస్తే అలిపిరి దగ్గర మిద్దె మీద రైఫిలుతో నిలబెట్టేది నన్నే. అలాంటివాణ్ణి, ఆ రోజు పది గుండ్లు కాలిస్తే తగిలినవి రెండు.

"కండ్లు పోయినాయి నీకు వెంకటమునీ. రేపే పైకి రాస్తా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆ కాగితం పైకి వెళితే ఇక తుపాకీ ముట్టనివ్వరు. ఏ అధికారి ఇంటికో కూరగాయలు మోయాల్సిందే. సిగ్గుతో చచ్చిపోయాను.

అన్నం ముట్టకుండా కూర్చున్న నా దగ్గరికి దేవరాజులన్న వచ్చాడు.

"ఈడ కూసోని ఏడిస్తే ఏమొస్తాది? తుపాకీ ఇట్లియ్యి."

బోల్టు బయటికి లాగి, దాని పిడి మొదట్లో ఎండిపోయిన కుంకుమను గోటితో గీకాడు. కింద నంబరు కనబడింది. అది నా తుపాకీది కాదు, మా కంపెనీలోనే ఉన్న గోవిందయ్య తుపాకీది. దేవరాజులన్న ముఖం వాడిపోయింది.

నాకు మళ్లీ కాల్చే అవకాశం రావాలంటే కారణం చెప్పాలి. చెబితే ఆ ఏడాది రావలసిన ఆయన ప్రమోషన్ పోతుంది. "వద్దులే అన్నా," అన్నాను. మనసులో మాత్రం వెళ్లి చెప్పమనే వేడుకున్నాను, అబద్ధమెందుకు!

"నోరు మూసుకోని నా ఎనకాలే రా," అని నేరుగా ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డాడు. "ఈని కండ్లు బాగుండాయి సార్. నంబరు సూడకుండా బోల్టు మార్సింది నేను."

సొంత బోల్టుతో పదికి తొమ్మిది తగిలాయి. ఆయన ప్రమోషన్ మూడేళ్లు ఆగింది. ఆ మాటతో ఒక్కనాడైనా నన్ను ఎత్తిపొడవలేదు, మహానుభావుడు.

రిటైరయ్యాక శ్రీకాళహస్తిలో ఉంటున్నాడు. కళ్లకు పొరలు కమ్మి చూపు సరిగా ఆనడం లేదు. ప్రతి ఆయుధపూజకూ పోయి కాళ్లకు దండం పెడతాను, తిట్లు తిని వస్తాను. మొన్న మాత్రం తిట్టలేదు. నా ముఖం తడిమి అడిగాడు.

"కండ్లు ఇంకా బాగుండాయా అబ్బా?"

"నువ్వు నిలబెట్టినవే గదన్నా," అన్నాను. ఆయన చేయి పట్టుకుని స్వర్ణముఖి గట్టు దాకా మెల్లగా నడిపించుకుపోయాను.